పద్నాలుగు గంటల మస్కట్

హైదరాబాద్ నుంచి మస్కట్‌కు గాలిలో పద్నాలుగు గంటలు. జహీరాబాద్ బస్టాండు దగ్గర ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే కాబట్టి ఇంకో లెక్క చెప్పే అవకాశం లేదు. ముప్పై ఏళ్లుగా అక్కడి చాయ్ హోటల్లో కూర్చుని చెబుతున్నాను. నేను నోరు విప్పితే పాతికమంది చేతుల్లో గ్లాసులు చల్లారిపోయేవి.

ముప్పై కాదు, ఇరవై రెండేళ్లు. పాతికమంది కూడా కాదు, నలుగురు. వాళ్లలో ఒకాయనకు చెవులు వినపడవు.

పద్నాలుగు గంటలంటే ఊరికే చెప్పి వదిలేస్తే కుదరదు, వాటిని నింపాలి. అందుకని దారిలో నాలుగుసార్లు భోజనం పెట్టించాను. సముద్రం మీద ఒకచోట మబ్బు గట్టిగా ఉంటుందనీ, ఇంజను చల్లబడేదాకా విమానాన్ని దాని మీద ఆపుతారనీ చెప్పాను. రాయికోడ్ నుంచి అల్లం అమ్ముకోవడానికి వచ్చిన ఒక రైతు ఒకరోజు నన్ను ప్రశ్నలతో గట్టిగా పట్టుకున్నాడు.

"మబ్బు మీద ఎట్ల ఆగుతదే కాకా? కిందికి పోదా?"

"పోతది. అందుకే జర జర జరుపుకుంట ఉంటరు."

"మరి ఒంటికొస్తే?"

"అండ్లనే ఉంటదిరా అన్నీ. ఎర్ర బస్సనుకున్నవా, దిగి చెట్టెనుకకు పోనీకి?"

ఆయన తల ఊపాడు. మబ్బును నమ్మాడు గానీ, విమానంలో మరుగుదొడ్డి ఉంటుందన్న మాటనే చాలాసేపు అనుమానంగా చూశాడు.

నిజం రాస్తాను. రెండు ఊర్ల మధ్య గాలిదారి రెండు వేల రెండు వందల కిలోమీటర్లు. పట్టేది మూడు గంటలు, ఎదురుగాలి ఉంటే ఇంకో పావుగంట. ఆ మూడు గంటల్లో రెండు గంటలు నేను నిద్రపోయేవాణ్ని. మబ్బులు కిటికీ పక్క సీటు వాళ్లకు కనిపించి ఉంటాయి. నాకు ఎప్పుడూ నడిమి సీటే దొరికేది.

మరి పద్నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది? మొదటిసారి పోయినప్పుడు ఇక్కడ తెల్లవారకముందే బస్సెక్కాను. అప్పటికి విమానాలు బేగంపేట నుంచే లేచేవి. అక్కడ వరుసల్లో నిలబడి, ఎక్కి, దిగి, మళ్లీ వరుసల్లో నిలబడి, కంపెనీ వ్యాను కోసం ఎండలో కూర్చుని, క్యాంపులో నా మంచం మీద వాలేసరికి పద్నాలుగు గంటలైంది. గడప నుంచి మంచం దాకా లెక్క అది. సెలవు మీద వచ్చినప్పుడు ఎవరో అడిగితే, గడపను, మంచాన్ని వదిలేసి పద్నాలుగును మాత్రం చెప్పాను. నిజానికి గడప నుంచి మంచం దాకా కూడా పన్నెండే. ఒకసారి చెప్పాక తగ్గించడం నా వల్ల కాలేదు. ఊరికి నేను మేనేజర్‌ని. అక్కడ నా పని కూలీల క్యాంపు వంటశాలలో ఉల్లిగడ్డలు కోయడం, పెద్ద గంజుల్లో పప్పు కలపడం. మేనేజరు మూడు గంటల్లో చేరుకునే చోట ఉంటే ఏం బాగుంటుంది?

ఇదంతా హోటల్లో నడిచినంత కాలం ఎవరికీ ఏ నష్టమూ లేదు. నష్టం ఎక్కడ మొదలైందంటే, మా అక్క ఆ లెక్కను నమ్మింది.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్ద. నేను మొదటిసారి విమానం ఎక్కిన రోజు ఆమె ఒక నియమం పెట్టుకుంది. ఇంటి మనిషి గాలిమోటరులో ఉన్నంతసేపు ఒక్కపొద్దు ఉండాలి. కాళ్లు నేలకు ఆనేదాకా అన్నం లేదు, నీళ్లు లేవు. అప్పట్లో దిగిన వెంటనే ఫోను చేసే వీలు నాకు ఉండేది కాదు. అందుకని ఆమె నా మాటనే గడియారం చేసుకుంది. విమానం లేచిన గంట నుంచి పద్నాలుగు లెక్కపెట్టి, అప్పుడు రొట్టె విరిచేది. నేను అక్కడ పనిచేసిన తొమ్మిదేళ్లలో వచ్చిపోయిన ప్రతిసారీ ఆమె అలాగే ఉంది. నేను క్యాంపులో తిని పడుకునే వేళకు ఆమె ఇక్కడ ఎండిన నోటితో గోడ గడియారం చూస్తూ ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఒక్క గంట కూడా తగ్గించలేదు.

ఇంకో కథ ఉంది. దీన్ని చెప్పినప్పుడు హోటల్లో ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అమ్మ చివరి రోజుల్లో అక్క దగ్గరే ఉండేది. ఒక పొద్దున అక్క క్యాంపుకు ఫోను చేసి, "అమ్మ దక్కేటట్టు లేదురా, రా" అంది. నేను మన గడియారం ప్రకారం మధ్యాహ్నం రెండు గంటల విమానం ఎక్కాను. ఏడు గంటలు పోయాక, సరిగ్గా సముద్రం నడుమ, ఇంజను చెడింది. అక్కడి నుంచి వెనక్కి తిప్పారు. మళ్లీ ఏడు గంటలు. తెల్లవారుజామున మస్కట్‌లోనే దిగాను. ఫోను చేస్తే అమ్మ పోయిందన్నారు. ఇదీ కథ. చెవులు వినపడని ఆయన కూడా నా ముఖం చూసి కళ్లు తుడుచుకునేవాడు.

పోయిన ఎండాకాలం అక్క మనుమరాలికి మస్కట్‌లో ఒక దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. పిల్లను శంషాబాద్‌లో దింపడానికి అక్క కొడుకు తెల్లవారకముందే కారు తీశాడు. విమానం పొద్దున తొమ్మిదిన్నరకు. నేను రెండు గల్లీల అవతల ఉంటాను. అంతకుముందు రోజే పోయి పిల్ల తల మీద చెయ్యి పెట్టి, మబ్బు మీద ఆగినప్పుడు భయపడొద్దని చెప్పి వచ్చాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు. తలుపు పక్కన నిలబడి మా మాటలు వింటోంది.

మరునాడు మధ్యాహ్నం ఒంటిగంటకు అక్క కోడలు ఫోను చేసింది.

"మామా, జర జల్ది రా. అత్తమ్మకు మంచిగ లేదు."

పోయేసరికి అక్క అర్రలో చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖమంతా చెమట. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఒళ్లో పెట్టుకున్న చేతులు వాటంతట అవే వణుకుతున్నాయి. పక్కన కోడలు గ్లాసులో బెల్లం నీళ్లు పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"పొద్దుగాల చక్కెర బీమారికి సూది ఇచ్చిన మామా. రొట్టె వెట్టిన. తిన్న అన్నది. ఇప్పుడు చూస్తె రొట్టె గీ గంప కింద దాసిపెట్టింది. నీళ్లు గూడ ముట్టలే. సూది వడ్డంక తినకుంటె పానం మీదికొస్తది. పోరి దిగి ఫోను గూడ చేసింది, అయినా గీ నీళ్లు పోద్దమంటె పండ్లు బిగవడుతది."

"అక్కా, ఏందిది?"

"ఒక్కపొద్దు."

"సూది తీసుకుని ఎవలన్న ఒక్కపొద్దు ఉంటరా?"

"సూది నేనడిగిన్నా? అదే పొడిసింది."

"పోరి దిగిందట కదా. ఫోను గూడ చేసిందంట."

అక్క నా వైపు తిరిగింది. కళ్లు నా మీద నిలవడానికి కొంతసేపు పట్టింది.

"నువ్వే చెప్పినవ్ తమ్మీ, పద్నాలుగు గంటలని. తొమ్మిదిన్నరకు లేసింది. రాత్రి పదకొండున్నరకు దిగుతది. గప్పుడు తింట."

కోడలు ఏడుపు గొంతుతో అందుకుంది. "ఫోన్ల బొమ్మ గూడ చూపెట్టిన మామా. నానమ్మా, దిగిన అని చెయ్యి గూడ ఊపింది."

"ఏం చూపెట్టినవే? అద్దాలు చూపెట్టినవ్. పొద్దుగాల శంషాబాద్‌ల గూడ గవ్వే అద్దాలు. టైమెంతయింది బిడ్డా అంటె, పదకొండు పది అంటది. తొమ్మిదిన్నరకు లేసి పదకొండుకు సముద్రం దాటిందంట! ఈడికెల్లి శంషాబాద్ పోనీకే మూడు గంటలాయె." ఆమెకు ఊపిరి అందలేదు. "ఏమో అయింది పోరికి. అందరు గలిసి నాకు దాస్తున్నరు."

అప్పుడు నాకు అర్థమైంది. మస్కట్ గడియారం మనకంటే గంటన్నర వెనక. పిల్ల మన పన్నెండు నలభైకి దిగి, అక్కడి గోడ మీది గంటను చెప్పింది. అబద్ధం ఎక్కడా లేదు. కానీ నా పద్నాలుగు పక్కన పెట్టి చూస్తే ఆ పిల్ల మాటంతా అబద్ధంలా ఉంది. అక్క చచ్చినా తిననని కూర్చున్నది మొండితనంతో కాదు. మనుమరాలు ఇంకా గాలిలోనే ఉందని, లేదా ఎక్కడా లేదని అనుకుంటోంది.

"అక్కా, మస్కట్‌కు మూడు గంటలే."

ఆ చెమట ముఖంతోనే ఆమె నవ్వింది. "నేను తినాలెనని చెప్తున్నవ్."

"ఒట్టు అక్కా."

"నీ ఒట్లు నాకెర్క లేవా? మబ్బు మీద ఆపుతరని గూడ ఒట్టేసినవ్."

కోడలు నన్ను చూస్తోంది. దవాఖానకు తీసుకుపోదామంటే ఇంట్లో బండి లేదు, అక్క కొడుకు ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆటో పిలవమని కోడలికి చెప్పాను. ఆమె ఫోను పట్టుకుని వాకిట్లోకి పోయి వచ్చింది.

ఆ రెండు నిమిషాల్లో నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ స్థితిలో కూడా ఇంకో అబద్ధం వెతుక్కున్నాను. దొరికింది కూడా.

"ఇప్పటివి కొత్త ఇంజన్లు అక్కా. జోరుగ పోతయి. నా కాలంల పద్నాలుగు, ఇప్పుడు మూడు."

మంచి అబద్ధం. అక్క తింటుంది, నా లెక్కా నిలుస్తుంది. ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"మొన్న ఉగాదికి గూడ హోటల్ల పద్నాలుగని చెప్పినవంట. నా కొడుకు ఇన్నడు. ఇప్పుడే కొత్త ఇంజన్లు వచ్చినయా?" మాట ముద్దముద్దగా వస్తోంది. "నాకు జూట చెప్పకు తమ్మీ. పోరికేమైందో చెప్పు."

"పోరికేం కాలే. అప్పుడు గూడ మూడే అక్కా. ఎప్పుడూ మూడే. పద్నాలుగని నేనే ఉత్తగ చెప్పిన."

ఇది విని ఆమె ఊరుకుంటుందనుకున్నాను. ఆమె చదువుకోలేదు గానీ లెక్కల్లో నాకంటే గట్టిది. వణికే వేళ్లను ఒక్కొక్కటే మడిచింది. మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదటి నుంచి మడిచింది.

"అమ్మ పోయిన్నాడు ఏడు గంటలు పోయి మర్రొచ్చిందంటివి."

మడిచిన వేళ్లను మళ్లీ విప్పింది.

"మూడు గంటల తొవ్వల ఏడు గంటలు ఎట్ల పోతరు తమ్మీ?"

ఆ రోజు తుఫాను అని నాలుక చివరి దాకా వచ్చింది. చుట్టూ తిప్పారు, గాలిలోనే ఉంచారు, ఏదో ఒకటి. అలాంటివి నాకు కొదవ లేదు. కానీ అది చెబితే పద్నాలుగు మళ్లీ బతుకుతుంది. పద్నాలుగు బతికితే ఆమె నోరు తెరవదు. అక్క కనురెప్పలు వాలిపోతున్నాయి.

"ఎక్కలే అక్కా."

"ఏంది?"

"ఆ దినం నేను ఎక్కనే లేదు. సెలవిచ్చిన్రు. రెండు గంటల దాంట్ల సీటు గూడ ఉండె. నేనే పోలే."

ఆమె రెప్పలు లేచాయి.

"ఎందుకు?"

"అంతకుముందు గూడ మూడుసార్లు గట్లనే అయింది కద అమ్మకు. ఈసారి గూడ లేసి కూసుంటదనుకున్న." అక్కడితో ఆపితే సగం సిగ్గు మిగిలేది. ఎలాగూ బయటపడ్డానని మిగతాది కూడా చెప్పాను. "ఎప్పుడొచ్చినా రెండు పెట్టెలు నింపుకుని వచ్చేటోన్ని. ఉత్త చేతులతోని దిగితే నలుగురు ఏమనుకుంటరో అనుకున్న. ఒక వారం ఆగి అన్నీ కొనుక్కుని పోదమనుకున్న."

అక్క నన్ను చూస్తూనే చెయ్యి చాపింది, నా వైపు కాదు, కోడలి వైపు.

"ఇటు తే."

గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడానికి చూసింది, పట్టు దొరకలేదు. కోడలు నోటికి అందించింది. కొన్ని నీళ్లు గదవ మీదుగా చీర మీదికి కారాయి. సగం తాగాక ఊపిరి తీసుకోవడానికి ఆగి, కోడలితో, నేను అక్కడ లేనట్టుగా, ఇలా అంది.

"వీడు జూటాడితే గొప్పగ ఆడుతడు. గింత తన ఇజ్జత్ తానే తీసుకుని ఆడడు. పోరి దిగింది."

మిగిలింది కూడా తాగింది. ఆటో వచ్చేసరికి చెమట ఆరింది, మాట తేటపడింది. అయినా కోడలు పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ వేలు గుచ్చి చూసి, ఇంకొంచెం ఆలస్యమైతే ఆమెను లేపడం కష్టమయ్యేదని డాక్టరమ్మ కోప్పడింది. "ఎవలు చెప్పిన్రు ఒక్కపొద్దు ఉండమని?" అని అడిగితే అక్క నా పేరు చెప్పలేదు. నేను బల్ల మీద ఆ చివర కూర్చుని గోడ మీది కాగితాలు చదువుతున్నట్టు నటించాను.

ఇంటికి వచ్చాక మూడింటికి రొట్టె తింది. తింటూ, పళ్లెంలోకి చూస్తూ, మెల్లగా చెప్పింది.

"నువ్వు ఎక్కుతున్న అని ఫోన్ల చెప్పినవ్. నేను అమ్మకు చెప్పిన, నీ కొడుకు గాలిల ఉన్నడమ్మా అని. పొద్దుగూకినప్పటి సంది అడుగుడే. దిగిండా, దిగిండా. ఇంక తొమ్మిది గంటలున్నయమ్మా. ఇంక ఆరు గంటలున్నయమ్మా. జర ఓపిక పట్టు. నీ లెక్క వట్టుకుని ఆమె పానం ఆపిన. నేను గూడ నీళ్లు ముట్టలే."

కోడలు తల వంచుకుని నేల మీద లేని చెత్తను ఏరుతోంది.

"తెల్లారేటప్పుడు ఇంక ఆగేటట్టు లేదని, సదాశివపేట దాటిండమ్మా, దగ్గరికొచ్చిండు అన్న. దర్వాజ దిక్కు చూసింది. గట్లనే చూసుకుంట పోయింది." రొట్టె ముక్కను పప్పులో అద్ది అలాగే పట్టుకుంది. "మూడు గంటలంటె, అయిదింటికి దిగేటోనివి. రాత్రి బువ్వ యాళ్లకు గీడ ఉండేటోనివి."

ఆమె లెక్క సరిగ్గా ఉంది.

పట్టుకున్న ముక్క తిని కోడలితో, "వానికి గూడ వెట్టు. పొద్దు మళ్లింది" అంది.

పళ్లెం ముందుకు వచ్చింది. ముద్ద గొంతు దిగలేదని రాయాలని ఉంది. అలా రాస్తే మీరు కూడా నన్ను కొంచెం క్షమిస్తారు. కానీ దిగింది. ఆకలిగా ఉంది, జొన్న రొట్టెలు మెత్తగా ఉన్నాయి. మూడు తిన్నాను.

ఆ తర్వాత అక్క నాతో ఆ మాట ఎత్తలేదు. పోతే కూర్చోమంటుంది, చాయ్ ఇప్పిస్తుంది. ఒక తేడా ఉంది. అంతకుముందు నేను ఏం చెప్పినా, "అట్లనా తమ్మీ" అనేది. ఇప్పుడు కోడలి వైపు చూస్తుంది. వాన పడేటట్టుందని నేనంటే, కోడలు వాకిట్లోకి పోయి ఆకాశం చూసి వచ్చాక గానీ ఆరేసిన మిరపకాయలు తీయమనదు.

హోటల్లో కూడా చెప్పాను, మస్కట్‌కు మూడు గంటలేనని. బల్ల మీద ఉన్న నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అల్లం రైతు నా భుజం తట్టి, "ఎండకు తిరగకు కాకా, యాది తప్పుతున్నవ్" అన్నాడు. సముద్రం నడుమ నుంచి తిరిగొచ్చిన విమానం కథ చెప్పమని ఇంకొకాయన అడిగాడు. చెప్పను, అది జరగలేదు అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాను. చెవులు వినపడని ఆయన ఎప్పటిలాగే కళ్లు తుడుచుకున్నాడు.

వచ్చే నెల మనుమరాలు సెలవు మీద వస్తోంది. నిన్న కోడలు మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి అక్క చెప్పిన మాట అప్పగించింది.

"పోరి గాలిమోటరు ఎక్కినంక అత్తమ్మ మూడు గంటలు ఒక్కపొద్దు ఉంటదంట మామా. డాక్టరమ్మను అడిగి ఆ దినం సూది టైము మార్పించిన్రు. ఆ మూడు గంటలు నిన్ను గూడ వచ్చి తన ముందట కూసోమన్నది. అమ్మ పండుకున్న జాగల. తినద్దంట, తాగద్దంట, ముచ్చట చెప్పద్దంట. ఉత్తగ కూసోమన్నది. మూడు గంటలు ఎంత పొడుగుంటయో నువ్వు చూడాల్నంట."

వస్తానని చెప్పి పంపాను.

ఆమె పోయాక, ఒకసారి చేసి చూద్దామని, ఇంట్లో కుర్చీ వేసుకుని దర్వాజకు ఎదురుగా కూర్చున్నాను. గడియారం పక్కనే పెట్టుకున్నాను. కదలకుండా, నోరు మెదపకుండా మూడు గంటలు కూర్చున్నాను.

మూడు గంటలు కాదు. నలభై నిమిషాలకు లేచాను.